వెనక సీటు బెల్టు ఒకరి సొంత విషయం కాదు

వెనక సీట్లో కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలి అనగానే వచ్చే జవాబు ఒకటే: ‘నా ప్రాణం, నా ఇష్టం. మధ్యలో ప్రభుత్వానికేం పని?’ చదువుకున్నవారే ఈ మాట ధీమాగా అంటున్నారు. ఇది పచ్చి తప్పు. వెనక బెల్టు పెట్టుకోనివారు పణంగా పెడుతున్నది తమ ప్రాణం ఒక్కటే కాదు. బుద్ధిగా బెల్టు పెట్టుకుని ముందు కూర్చున్నవారి ప్రాణం కూడా.

టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు జపాన్‌లో ప్రమాదాలకు గురైన లక్షకు పైగా కార్ల వివరాలు పరిశీలించి, 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. వెనకవారు బెల్టు పెట్టుకోకపోతే, ముందు సీట్లో బెల్టు పెట్టుకున్నవారు చనిపోయే ముప్పు దాదాపు ఐదు రెట్లు పెరుగుతుంది. ఐదు రెట్లు! ఇరవై ఏళ్లు దాటినా మన చర్చల్లో ఈ అంకె వినపడదు.

దీని వెనక ఉన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దితే సెకనులో పదో వంతులో ఆగిపోతుంది. ఆగేది కారు మాత్రమే. లోపలి మనిషి ఏదో ఒకటి ఆపేదాకా అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగైదు అంతస్తుల మేడ మీది నుంచి పడిన మనిషి నేలను తాకే వేగం అది. బెల్టు ఉంటే, కారు ముక్కు నలిగే దూరం, బెల్టు సాగే దూరం కలిసి అతను ఆగడానికి అర మీటరుకు పైగా దొరుకుతుంది. అప్పుడు ఒంటి మీద పడే బలం అతని బరువుకు పాతిక రెట్లు. దాన్ని బెల్టు ఛాతీకీ కటి ఎముకలకూ పంచుతుంది. బెల్టు లేకపోతే అదే వేగం ఐదారు సెంటీమీటర్లలో ముగిసిపోవాలి. బలం మరో పది రెట్లు పెరుగుతుంది.

వెనక కూర్చున్నవారికి ఆ ఐదారు సెంటీమీటర్లు ఎక్కడ దొరుకుతాయి? ముందు సీటు వీపులో. ఆ సీట్లో ఒక మనిషి ఉన్నాడు. 70 కిలోల శరీరం వచ్చి గుద్దితే అతను ముందున్న తన బెల్టుకూ వెనకున్న తన సీటు వీపుకూ మధ్య నలిగిపోతాడు. ఎదుట తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు వీపును కాపాడలేదు. ఐదు రెట్లు అంటే ఇదీ.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దింది. బెల్టు లేకుండా వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు, ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. ఎవరి నిర్లక్ష్యం వారికే చేటు అన్న తప్పు పాఠాన్ని దేశం అందులోంచి తీసుకుంది. ఆ తర్వాత చర్చంతా కార్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేసే నిబంధన మీదికి పోయింది. 2023లో ఆ నిబంధన కూడా అటకెక్కింది.

ఇబ్బందులు లేవని కాదు. చాలా ట్యాక్సీల్లో వెనక బెల్టు కొక్కేలు సీటు కవరు కింద పూడుకుపోయి ఉంటాయి. అలాంటి బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ సమస్య తీరుతుంది.

అసలు లోపం చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం బెల్టు పెట్టుకోని ప్రయాణికులను ఎక్కించుకున్నందుకు వెయ్యి రూపాయల జరిమానా పడేది బండి నడిపేవారికి. మన దేశంలో వెనక కూర్చునేది చాలాసార్లు యజమాని, ముందు కూర్చునేది నెల జీతానికి పనిచేసే డ్రైవరు. ‘బెల్టు పెట్టుకోండి సార్’ అని అతను ఎన్నిసార్లు అనగలడు? అన్నా వినేదెవరు? సారు బెల్టు పెట్టుకోకపోతే చావు ముప్పు ఐదు రెట్లయ్యేది ఆ డ్రైవరుకే, చలానా కట్టాల్సిందీ ఆ డ్రైవరే. ఈ అన్యాయానికి వ్యక్తి స్వేచ్ఛ అని పేరు పెట్టకండి. పార్లమెంటు ఆ సెక్షన్‌ను సవరించి, వెనక సీట్లో బెల్టు పెట్టుకోని పెద్దలకే జరిమానా వేయాలి, వారి పేరు మీదే.