పాదరసమును సముద్రము కడుగునా?

కర్మాగారముల మురుగును గూర్చి యెవరైన ప్రశ్నించిన, సముద్రమంత సముద్రములో ఈ కొంచెము విష మేపాటి యను జవాబు యజమానుల నోట సిద్ధముగా నుండును. ఈ మాటను నమ్మువారు జపాను దేశమందలి మినమత అఖాతపు చరిత్రను చూడవలెను.

అచ్చటి చిస్సో కంపెనీవారు 1932 మొదలు 1968 వరకు పాదరసము సాయమున ఎసిటాల్డిహైడ్ తయారుచేసిరి. అందు కొంత పాదరసము, దేహమున సులువుగా నింకు మిథైల్ పాదరసముగా మారి, కాలువవెంట అఖాతమున బడెను. నీరు దానిని పలుచ జేయును, నిజమే. కాని ప్రాణులు మరల కూడబెట్టును. నీటిలోని సూక్ష్మజీవులను చిరుచేప తినును, చిరుచేపలను పెనుచేప మ్రింగును; మెట్టుమెట్టునకు విషము చిక్కనై, నీటిలో లెక్కకు రానిది పెనుచేప కండలో లక్షల రెట్లగును. అడుగున బురదలో నణగిన పాదరసమైన నూరకుండునా? గాలి చొరని బురదలో సూక్ష్మక్రిములు దానినిగూడ మిథైల్ పాదరసముగా మార్చగలవు.

మొదట పిల్లులు పిచ్చిగంతులు వేసి చచ్చినవి. పిదప జాలరుల బిడ్డలకు కాలుసేతులు వంకరవోయి మాట పడిపోయెను. 1956 మే 1వ తేదీన ఈ వ్యాధి అధికారుల కెఱుకపడెను. తల్లికి రోగచిహ్నములు స్వల్పమైనను గర్భస్థ శిశువునకు విషము తగిలెను.

కంపెనీవారు చేసినదేమి? 1958లో కాలువ మూతిని నదీముఖమునకు మార్చిరి! దానితో షిరనుయి సముద్రపు క్రొత్త గ్రామములకును రోగము ప్రాకెను. 1959లో కుమమోతో విశ్వవిద్యాలయ వైద్యులు సేంద్రియ పాదరసమే కారణమనిరి. ఆ యేడే కంపెనీ ఆస్పత్రి వైద్యుడు హొసొకవ మురుగునీరు కలిపిన మేత నొక పిల్లికి పెట్టగా దానికిని అదే వ్యాధి వచ్చెను. కంపెనీవారు ఆ ఫలితమును దాచిరి.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు మిక్కిలి రోత పుట్టించినది 1959 డిసెంబరునాటి ఒడంబడిక. సానుభూతిధనము పేర కొద్దిపాటి సొమ్మిచ్చి, కర్మాగారమే కారణమని మీదట తేలినను మరల పరిహార మడుగమని రోగులచేత నొప్పించిరి. ఆకలిగొన్నవాని సంతకము సమ్మతి యగునా? 1973లో న్యాయస్థానము ఆ షరతు చెల్లదనెను. ప్రభుత్వమో, 1968 మే నెలలో తయారీ ఆగినపిదపగాని, సెప్టెంబరులో నిజము నొప్పుకొనలేదు.

2013లో పాదరసమును గూర్చి దేశములు చేసికొన్న ఒడంబడికకు మినమత పేరే పెట్టిరి. భారత ప్రభుత్వము 2018లో దానిని ధ్రువపరచెను. కావున మన రేవులలోను నీటిని మాత్రము సీసాలో పట్టి చూచిన చాలదు. బురదను, చేపను, చేప తినువాని తలవెండ్రుకను పరీక్షింపవలెను. ఆ లెక్కలను జాలరిపల్లెల గోడలమీద తెలుగున అంటింపవలెను.