రెండో సంతకానికి చోటేది?

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కనే హేజెల్ పార్క్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఏప్రిల్ డిబోర్, జేన్ రౌస్ అనే ఇద్దరు నర్సులు ఒకే ఇంట్లో కాపురం పెట్టారు. ఒకరిది నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డు, మరొకరిది ఎమర్జెన్సీ విభాగం. 2009లో ఓ మగబిడ్డను తెచ్చి పెంచుకున్నారు, తర్వాత దత్తత తీసుకున్నారు. అదే ఏడాది మరో పిల్లవాడు వచ్చాడు. నెలలు నిండకుండానే పుట్టినవాడు, కన్నతల్లి వదిలేసినవాడు, రాత్రనక పగలనక కనిపెట్టుకుని ఉండాల్సిన వాడు. మరుసటి ఏడాది ప్రత్యేక అవసరాలున్న ఓ ఆడపిల్ల ఆ ఇంటికి చేరింది.

ముగ్గురినీ సాకింది ఆ ఇద్దరే. కాగితాల మీద మాత్రం మగపిల్లలిద్దరూ రౌస్ బిడ్డలు, ఆడపిల్ల డిబోర్ బిడ్డ. అప్పటి మిషిగన్ చట్టం ప్రకారం దత్తత తీసుకునేది ఒంటరి వ్యక్తి అయినా కావాలి, పెళ్లయిన జంట అయినా కావాలి. ఇద్దరు ఆడవాళ్ల పెళ్లిని అదే రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకునేది కాదు.

2011లో ఓ ప్రయాణంలో ఎదురుగా వచ్చిన వాహనం గుద్దబోయి తృటిలో తప్పింది. అప్పటి నుంచి వాళ్లకు ఒకటే బెంగ. తమలో ఒకరికి ఏమైనా అయితే, రెండో ఆమెకు తాను గోరుముద్దలు తినిపించిన పిల్లల మీద చట్టప్రకారం ఏ హక్కూ ఉండదు. అన్నాచెల్లెళ్లుగా పెరిగిన ముగ్గురూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యే ప్రమాదం ఉంది. 2012లో కోర్టుకెక్కారు. అడిగింది పెళ్లి కాదు, ఒకరి పిల్లలను మరొకరు దత్తత తీసుకునే వీలు. పెళ్లి నిషేధాన్నే సవాలు చేస్తే తప్ప దారి దొరకదేమోనని ఆలోచన అందించింది జడ్జి బెర్నార్డ్ ఫ్రీడ్‌మన్. ఆయనేమీ ఉద్యమకారుడు కాదు, రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ కాలంలో నియమితుడైన జడ్జి.

2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాదాపు రెండు వారాలు విచారణ జరిగింది. ఇలాంటి ఇళ్లలో పెరిగే పిల్లలు బాగుంటారా లేదా అన్నదే ఆ కోర్టులో అసలు వ్యాజ్యం. టీవీ చర్చల్లో ఎవరేమన్నా చెల్లిపోతుంది, కోర్టులో అడ్డప్రశ్నలకు నిలబడాలి. రాష్ట్ర ప్రభుత్వం తన వైపు నుంచి టెక్సాస్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త మార్క్ రెగ్నెరస్‌ను సాక్షిగా తెచ్చుకుంది. స్వలింగ సంబంధాలున్న తల్లిదండ్రుల పిల్లలు పెద్దయ్యాక అనేక విషయాల్లో వెనకబడ్డారని 2012లో ఆయన అధ్యయనం ప్రకటించింది. ఇలాంటి దత్తతలను వ్యతిరేకించేవాళ్లు ఆ అధ్యయనాన్ని ఇప్పటికీ చూపిస్తారు, కాబట్టి దాని లోపలికి ఒకసారి తొంగిచూడాలి.

ఆయన లెక్కలో తల్లికి ఎప్పుడో ఒకప్పుడు మరో స్త్రీతో సంబంధం ఉందని చెప్పినవాళ్లు 163 మంది. వాళ్లలో పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఆ ఇద్దరి దగ్గరే పెరిగింది ఇద్దరే ఇద్దరు. మిగతావాళ్లలో చాలామంది తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్ల పిల్లలు, ఇల్లూ బడీ మారుతూ పెరిగినవాళ్లు. వాళ్లను తీసుకెళ్లి చెక్కుచెదరని కాపురాల్లో పెరిగిన పిల్లల పక్కన నిలబెట్టారు. విడాకులు చేసిన గాయాన్ని స్వలింగ సంపర్కం ఖాతాలో రాశారన్నమాట. విచారణ సాగుతుండగానే ఆయన పనిచేసే విభాగం ఆ అభిప్రాయాలతో తమకు సంబంధం లేదని ప్రకటించింది. జడ్జి 2014 మార్చి 21న తీర్పునిస్తూ, రెగ్నెరస్ సాక్ష్యం ఏమాత్రం నమ్మదగినది కాదని, పట్టించుకోదగినది అంతకన్నా కాదని కొట్టిపారేశారు. అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. చివరకు 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు ఒబెర్గఫెల్ కేసులో స్వలింగ వివాహాన్ని దేశమంతటా గుర్తించినప్పుడు, ఆ తీర్పులో ఈ ఇద్దరు నర్సుల కథ కూడా చేరింది.

పిల్లల సంగతి తేల్చడానికి ఒక్క కోర్టు తీర్పు చాలదు. నెదర్లాండ్స్ 2001 ఏప్రిల్ 1న ప్రపంచంలోనే మొదటగా స్వలింగ వివాహాన్ని అనుమతించింది. అక్కడి ప్రభుత్వ రికార్డుల్లో ప్రతి పౌరుడి వివరమూ ఉంటుంది. ఏ పిల్ల ఏ ఇంట్లో పుట్టింది, ఏ బడిలో ఎన్ని మార్కులు తెచ్చుకుంది అన్నీ దొరుకుతాయి. ఆ రికార్డుల ఆధారంగా 2020లో వెలువడిన అధ్యయనంలో స్వలింగ జంటల దగ్గర పెరిగిన 2,971 మంది పిల్లలను పుట్టుక నుంచి గమనించి, మిగతా పది లక్షల మందికి పైగా పిల్లలతో పోల్చారు. ఈ 2,971 మందిలో 2,786 మంది ఇద్దరు స్త్రీల ఇళ్లలో, 185 మంది ఇద్దరు పురుషుల ఇళ్లలో పెరిగారు. ప్రాథమిక స్థాయిలోనూ హైస్కూల్లోనూ వీళ్ల చదువులు మిగతావాళ్లకంటే మెరుగ్గానే ఉన్నాయి.

అంటే ఇద్దరు అమ్మలుంటే మార్కులు వాటంతటవే వస్తాయని కాదు. ఇలాంటి జంటలు డబ్బు, చదువు ఉన్నవాళ్లు కావడం ఒక పెద్ద కారణమని ఆ పరిశోధకులే చెప్పారు. ఈ ఇళ్లలో బిడ్డ అనుకోకుండా పుట్టదు. ఏళ్ల తరబడి ఆలోచించి, ఖర్చు పెట్టి, ఎదురుచూసి తెచ్చుకున్న బిడ్డ. విమర్శకులు దీన్ని అధ్యయనంలోని లోపంగా చూపిస్తారు. దత్తత విషయానికొస్తే ఆ లోపమే అసలు సంగతి. దత్తత అంటేనే వడకట్టడం. ఆదాయం చూస్తారు, ఆరోగ్యం చూస్తారు, ఇంటికొచ్చి విచారిస్తారు, ఆ తర్వాతే బిడ్డను చేతికిస్తారు. దత్తత కుటుంబాలనే విడిగా తీసుకుని కేంబ్రిడ్జి పరిశోధకురాలు సుసాన్ గోలంబక్ బృందం బ్రిటన్‌లో 2014లో పరిశీలించింది. ఇద్దరు తండ్రులున్న 41 ఇళ్లు, ఇద్దరు తల్లులున్న 40, అమ్మానాన్నలున్న 49. ఇద్దరు తండ్రుల ఇళ్లలో పిల్లలతో దగ్గరితనం ఏ కొంచెమూ తక్కువ లేదు, కొన్ని అంశాల్లో ఎక్కువే కనిపించింది. స్వలింగ జంటల పిల్లలు మిగతావాళ్లకేమీ తీసిపోరని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2002లోనే చెప్పింది, 2013లో మళ్లీ చెప్పింది.

ఇక మన దగ్గరికి వద్దాం.

2021 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. మరుసటి ఏడాది ప్రత్యేక వివాహ చట్టం కింద తమ బంధాన్ని గుర్తించమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిటిషన్లన్నీ కలిసి చివరికి సుప్రియో పేరు మీదే నడిచాయి. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. పెళ్లి హక్కు విషయంలో అయిదుగురిదీ ఒకే మాట, అది పార్లమెంటు చూసుకోవాలన్నారు. దత్తత దగ్గరికొచ్చేసరికి ధర్మాసనం 3–2గా చీలింది. పత్రికల్లో పెళ్లి వార్తకు పతాక శీర్షిక దక్కింది, దత్తత వార్త లోపలి పేజీకి పోయింది. నిజానికి ఎక్కువ మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

మన చట్టం ఏం చెబుతోంది? జువెనైల్ జస్టిస్ చట్టం కింద పెళ్లికాని వ్యక్తి కూడా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు, అదొక్కటే తేడా. ఆ వ్యక్తి స్వలింగ సంపర్కుడా కాదా అని చట్టం అడగదు. జంటగా వస్తే మాత్రం 2022 నాటి దత్తత నిబంధనల్లో 5(3) అడ్డం వస్తుంది. కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలంటుంది. అదే ఏడాది జూన్ 16న కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా, ఇంకో అడుగు ముందుకేసి సహజీవనంలో ఉన్న ఒంటరి అభ్యర్థుల దరఖాస్తులను పరిశీలించబోమని మెమో ఇచ్చింది.

ఈ రెంటినీ కలిపి చదివితే వచ్చే అర్థం విచిత్రంగా ఉంటుంది. నిజంగా ఒంటరిగా ఉంటే బిడ్డను ఇస్తారు. తోడుగా ఇంకో మనిషి ఉండి, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు బిడ్డను బడికి దింపే వీలున్న ఇల్లయితే ఇవ్వరు. బిడ్డ క్షేమమే కొలబద్ద అయితే ఈ లెక్క తలకిందులుగా ఉండాలి. ఇంటి విచారణకు సోషల్ వర్కర్ వచ్చిన రోజు ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. రెండో మనిషి ఆ పూట ఊళ్లో ఉండరు. గోడ మీది ఫొటో అల్మరాలోకి పోతుంది. బిడ్డ ఆ ఇంట్లోకి అడుగుపెట్టక ముందే ఇల్లు ఒక అబద్ధం నేర్చుకుంటుంది.

సుప్రియో తీర్పులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఈ 5(3) నిబంధన చెల్లదన్నారు. పెళ్లయిన జంటలే బిడ్డకు స్థిరత్వం ఇవ్వగలవని చూపే ఆధారమేదీ కేంద్రం తమ ముందు పెట్టలేదన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ ఒప్పుకోలేదు. చట్టంలో ఉన్నది భార్యాభర్తలనే మాట, దాన్ని సాగదీయలేమన్నారు. అయితే జస్టిస్ భట్ అక్కడితో ఆగలేదు. ఇద్దరూ కలిసి పెంచుతున్నా ఒక్కరే దత్తత తీసుకోవాల్సి రావడం వల్ల రెండో మనిషి నుంచి రావాల్సిన రక్షణ బిడ్డకు అందడం లేదని, ప్రభుత్వం దీన్ని పట్టించుకోవాలని రాశారు. కాదన్న తీర్పులోనే పిల్లల పక్షాన నిలబడిన మాట అది.

అదే కేసులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఒక వాదన చేసింది. ఇలాంటి ఇళ్లలో పిల్లలకు సంప్రదాయ స్త్రీ, పురుష పాత్రలు కనిపించవు, దాంతో వాళ్ల అవగాహన దెబ్బతింటుందని. ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ అదే కోర్టులో పిటిషనర్ల వైపు నిలిచింది. పిల్లల కోసమే ఉన్న రెండు సంస్థలు రెండు దిక్కుల్లో నిలబడ్డాయి. జాతీయ కమిషన్ మాట విన్నవాళ్లు జగిత్యాల వైపో, కడప వైపో ఓసారి వెళ్లొస్తే బాగుంటుంది. తండ్రి దుబాయ్‌లో ఉంటే తల్లీ నానమ్మా కలిసి పెంచిన ఇళ్లు తెలంగాణలో ఊరూరా ఉన్నాయి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోతే అమ్మమ్మ, పిన్ని చేతుల్లో పెరిగిన పిల్లలు కడప, గోదావరి జిల్లాల్లో కొల్లలు. ఆ ఇళ్లలో ఇద్దరు ఆడవాళ్లే ఉన్నారు కాబట్టి పిల్లలకు ఆడామగా తేడా తెలియకుండా పోయిందని ఎవరూ అనలేదు. మగవాడంటే ఏమిటో నేర్చుకోవడానికి మేనమామ ఉన్నాడు, మాస్టారు ఉన్నాడు, చిరంజీవి కూడా ఉన్నాడు.

వ్యతిరేకుల మాటల్లో బరువున్నది ఇంకొకటుంది. లోకం ఊరుకుంటుందా, బడిలో తోటిపిల్లలు ఏడిపించరా అని. ఇది కొట్టిపారేయగల మాట కాదు. ఆస్ట్రేలియాలో 2014లో వెలువడిన అధ్యయనం స్వలింగ తల్లిదండ్రుల 500 మంది పిల్లలను చూసింది. ఏ ఇళ్లు ఎక్కువ అవమానం ఎదుర్కొన్నాయో ఆ ఇళ్ల పిల్లల మనసులకే ఎక్కువ దెబ్బ తగిలింది. భారత మానసిక వైద్యుల సంఘం 2023 ఏప్రిల్ ప్రకటనలో స్వలింగ జంటల దత్తత హక్కును సమర్థిస్తూనే, పిల్లలకు వివక్ష ఎదురుకావచ్చని దాచకుండా చెప్పింది.

గాయం చేసేది ఎవరు, శిక్ష పడుతున్నది ఎవరికి అన్నది చూడాలి. ఫ్లోరిడాలో ఒక శ్వేతజాతి తల్లి విడాకుల తర్వాత నల్లజాతి వ్యక్తిని పెళ్లాడింది. బిడ్డ నలుగురి మాటలు పడాల్సి వస్తుందంటూ అక్కడి కోర్టు ఆమె కూతురిని తండ్రికి అప్పగించింది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. జనంలో వివక్ష ఉండొచ్చు కానీ చట్టం దానికి చేయూతనివ్వకూడదంది. కులాంతర వివాహం చేసుకునేవాళ్లతో మన పెద్దలు ఇప్పటికీ అనేది ఇదే కదా, ‘రేపు పుట్టే పిల్లల గతేమిటి’ అని. పిల్లల భవిష్యత్తు పేరుతో పెద్దల పెళ్లిళ్లు ఆపడం మనకు కొత్తేమీ కాదు.

దత్తత చట్టం రాతిశాసనమూ కాదు. ఒకప్పుడు దత్తత అంటే తలకొరివి పెట్టడానికి కొడుకు. 1956 చట్టం వచ్చాకే హిందువులు కూతుర్ని దత్తత తీసుకునే దారి దేశమంతటా తెరుచుకుంది. అప్పుడూ పెళ్లయిన స్త్రీకి తన పేరు మీద దత్తత తీసుకునే హక్కు లేదు, అది భర్తదే. ఆమెకు ఆ హక్కు 2010 సవరణతో గానీ రాలేదు. ఈ మార్పులు వచ్చిన ప్రతిసారీ కుటుంబ వ్యవస్థ కూలిపోతుందన్నవాళ్లు ఉన్నారు.

దేశంలో 2024–25లో 4,515 మంది పిల్లలు దత్తత వెళ్లారు, పన్నెండేళ్లలో అదే ఎక్కువ. వరుసలో వేచి ఉన్న తల్లిదండ్రులు ముప్పై వేల పైమాటే. కాబట్టి స్వలింగ జంటలు లేకపోతే అనాథలు మిగిలిపోతారనే వాదన చంటిపిల్లల విషయంలో నిలవదు, దాన్ని వాడుకోవడం నిజాయితీ కాదు. ఎక్కువమంది కోరుకునేది ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డనే. వయసు పెరిగిన పిల్లలు, వైకల్యమున్న పిల్లలు మిగిలిపోతారు. హేజెల్ పార్క్ ఇంట్లాంటి ఇళ్లు అక్కరకొచ్చేది వాళ్లకే.

సుప్రియో తీర్పుపై వేసిన సమీక్ష పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 జనవరి 9న తోసిపుచ్చింది. స్వలింగ జంటలకు ఏయే మేళ్లు ఇవ్వొచ్చో చూడటానికి వేయమని కోర్టు చెప్పిన కమిటీ వచ్చింది, కొన్ని చిన్న మేళ్లు జరిగాయి. 2024లో కేంద్రం రేషన్ కార్డులో స్వలింగ భాగస్వాములను ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. జాయింట్ బ్యాంకు ఖాతాకు అభ్యంతరం లేదంది. బియ్యం తీసుకోవడానికి ఒకే ఇల్లు, డబ్బు దాచుకోవడానికి ఒకే ఇల్లు, బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఇద్దరు పరాయివాళ్లు.

పెళ్లి ముడి విప్పకుండానే ఈ చిక్కు తీర్చిన దేశం ఒకటుంది. జర్మనీలో స్వలింగ వివాహం 2017 అక్టోబరు దాకా లేదు, నమోదైన సహజీవనం మాత్రమే ఉండేది. ఒకరు ముందే దత్తత తీసుకున్న బిడ్డను రెండో వ్యక్తి కూడా దత్తత తీసుకోవడానికి చట్టం ఒప్పుకునేది కాదు. 2013 ఫిబ్రవరి 19న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. దాని వల్ల ఆ జంటకే కాక, బిడ్డకూ సమానత్వ హక్కు దక్కడం లేదంది. మిగతా పిల్లలకు ఇద్దరు తల్లిదండ్రుల పోషణ, వారసత్వం, రక్షణ దొరుకుతుంటే ఈ బిడ్డకు ఒక్కరివే ఎందుకన్నది అక్కడి ప్రశ్న. జస్టిస్ భట్ పదేళ్ల తర్వాత ఢిల్లీలో రాసిన ఆందోళనా సరిగ్గా ఇదే. మన దగ్గర దీనికి కావాల్సింది జువెనైల్ జస్టిస్ చట్టంలో ఒక మాట సవరణ, 5(3)లో ఒక షరతు సడలింపు, ఆ 2022 మెమో ఉపసంహరణ. మొదటి పని పార్లమెంటుది. మిగతా రెంటికీ కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నుంచి ఒక నోటిఫికేషన్, ఒక ఉత్తర్వు వెలువడాలి.