ఖరీదే గుణమగునా?

ఈ మాసము మాకు వచ్చిన లేఖలలో ఎల్.బి.నగరమునుండి ఒక సోదరి వ్రాసినది మమ్ము చాల ఆలోచింపజేసినది. ఆమె కుమారుడు ఉద్యోగమున స్థిరపడి, మిక్కిలి వేగముగా పోగల కారొకటి కొనెనట. అందరు పోయించుకొను పెట్రోలు దానికి పనికిరాదనియు, ఎక్కువ ధర యిచ్చి మేలురకము పోయించవలెననియు అతడు పట్టుపట్టుచున్నాడట. "ఇంటి అప్పు తీరలేదు, చెల్లెలి పెండ్లి కాలేదు, ఇంతలో బండికి పంచభక్ష్యములా?" యని తండ్రి కోపించెనట. తండ్రీకొడుకులకు మాటలు లేక నెలయైనదట. "ఇది దుబారాయా, అవసరమా? మీరు చెప్పుడు" అని యామె యడిగినది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు మాకొక అర్హత కలదు. అది పాండిత్యము కాదు. ఈ విషయముననే మేమొకప్పుడు తప్పు తీర్పు చెప్పి సిగ్గుపడితిమి.

మా కాపురము దిల్‌సుఖ్‌నగరమున, మా మరిది కాపురము ఎల్.బి.నగరమున. నడుమ మెట్రోరైలులో మూడు స్టేషనుల దూరమే. 2021వ సంవత్సరమున మా మరిది టర్బో యంత్రము గల కారు కొనెను. ఆ కార్తీకమాసమున హైదరాబాదులో సాధారణపు పెట్రోలు లీటరు 108 రూపాయల 20 పైసలుండెను. ఒకనాడు వారింట పెట్రోలు బంకు రసీదు మా కంటబడినది. ఆ ధరకన్న హెచ్చుధర పెట్టి మేలురకము పోయించినట్లు దానిలో నుండెను. ఆ యింటి జమాఖర్చులు చూచునది మా తోడికోడలు. అత్తగారు వినుచుండగనే మేము, "గొప్పలకు పోయిన సంసారము గుల్లయగును. నెలకు నాలుగైదు వందలు ఊరక పోవుచున్నవి కదా" యంటిమి. ఆ పిల్ల మారు పలుకలేదు. "అలాగే అక్కా" అని మాత్రమనెను. మరునాటినుండి సాధారణపు పెట్రోలే పోయించినది.

పిమ్మట పదిదినములకు రెండు కుటుంబములవారము ఆ కారులోనే శ్రీశైలము బయలుదేరితిమి. మన్ననూరు దాటువరకు ఏ యిబ్బందియు లేదు. దోమలపెంట దాటి, ఆనకట్ట చేరువ మలుపులలో ఎగువకు పోవలసి వచ్చినప్పుడు బండి బరువుగా కదలసాగెను. ఎక్సలేటరు తొక్కినకొలది ముందునుండి టకటకమను చప్పుడు. ఒక మలుపున ఎదుట బస్సు, వెనుక లారీ, ఒడిలో పిల్లలు. మా మరిది గేరు తగ్గించి, మెల్లమెల్లగా నడిపి కొండ చేర్చెను. సత్రమున దిగినపిమ్మట మా వారు కారుతో వచ్చిన పుస్తకము తెరచి చదివిరి. 95 ఆక్టేను పెట్రోలు పోయవలెనని దానిలో నున్నది. ట్యాంకు మూత లోపలి కాగితముపైనను అదే అంకె. మా తోడికోడలు మొదటనే దానిని చదివి ఆ పెట్రోలు కొనుచుండెను. మేము చదువకయే తీర్పు చెప్పితిమి.

ఈ ఆక్టేను అనునదేమో చెప్పెదము. యంత్రములో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి, ముషలముచేత నొక్కబడి, పిమ్మట నిప్పురవ్వచే అంటుకొనును. గాలిని అణచినకొలది వేడెక్కును. సైకిలు పంపు కొట్టునప్పుడు గొట్టము వేడెక్కుట మనము చూచుచునే యున్నాము. ఆ వేడికి, ఆ యొత్తిడికి ఓర్వలేని పెట్రోలు, రవ్వనుండి పుట్టిన మంట తన దరి చేరకముందే తనంతట అంటుకొనును. అదియే టకటక చప్పుడు. మెకానిక్కులు దీనినే నాకింగందురు. ఈ ఓర్పును కొలుచు అంకెయే ఆక్టేను. 1926లో అమెరికాలో గ్రాహం ఎడ్గారను రసాయనవేత్త ఈ కొలత నేర్పరచెను. ఐసో ఆక్టేనను ద్రవమునకు 100, హెప్టేనునకు సున్న. 91 అనగా, ఆ రెండింటిని 91 పాళ్లు, 9 పాళ్లుగా కలిపిన ద్రవమున కెంత ఓర్పో, అంత ఓర్పు గలదని యర్థము.

కావున ఆక్టేను బలము కాదు, ఓర్పు. అంకె పెద్దదైనంతమాత్రమున లీటరులో శక్తి పెరుగదు. టర్బో యంత్రము గాలిని బలవంతముగ కూరి అధికముగ నొక్కును గనుక దానికి ఎక్కువ ఓర్పుగల పెట్రోలు కావలెను. నేటి కార్లలో నాకింగును పసిగట్టు సాధనముండి, రవ్వను కొంచెము ఆలస్యము చేసి యంత్రమును కాపాడును. కాని అప్పుడు బలము తగ్గును, పెట్రోలు ఖర్చు పెరుగును. మేము మిగుల్చుదమనుకొన్న డబ్బులో కొంత అట్లే పోయినది. యంత్రము చెడకుండుట మా పుణ్యము.

ఇక మా రెండవ తప్పు వినుడు. ఇంటికి వచ్చి మా తోడికోడలిని క్షమింపుమని యడిగి, ఆ పశ్చాత్తాపమున మా పాత చిన్నకారునకు సైతము ఖరీదైన పెట్రోలే పోయించితిమి. మా వారు బడిలో లెక్కలు చెప్పువారు. మూడు నెలలు నడిచిన కిలోమీటర్లు, పోయించిన లీటర్లు చిన్నపుస్తకమున వ్రాసి, "మైలేజిలో తేడా లేదు, మన సొమ్ములోనే తేడా" యనిరి. మా కారు మూతపై నున్న అంకె 91. భారతమున శ్వేతకి మహారాజు చేసిన యజ్ఞములలో ఏండ్ల తరబడి నేయి త్రాగి అగ్నిదేవునికే అజీర్ణము చేసినదని చదివియున్నాము. నేయి మేలైనదే, మితిమీరుటయే చేటు. ఎవరి జఠరాగ్నికి తగిన అన్నము వారికి.

మన దేశమున 2020 ఏప్రిలు 1 నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణములలో సాధారణపు పెట్రోలునకు 91, మేలురకమునకు 95 కనీసపు అంకెలుగా నుండెను. ఇండియన్ ఆయిల్ వారు 2020 డిసెంబరు 1న ఎక్స్‌పీ 100 అనునది విడుదల చేసిరి. ఢిల్లీలో ఆనాడు దాని ధర లీటరు 160 రూపాయలు, సాధారణపు దానికి దాదాపు రెట్టింపు. అటుపిమ్మట మరియొక మార్పు వచ్చినది. చెరకునుండియు ధాన్యమునుండియు తీయు ఎథనాలును పెట్రోలులో కలుపుట 2025 నాటికి నూటికి 20 పాళ్లకు చేరినది. ఎథనాలు సహజముగ ఓర్పు గలది గనుక ఆక్టేను పెరుగును. కాని దానిలోని శక్తి పెట్రోలుకన్న దాదాపు మూడవవంతు తక్కువ గనుక మైలేజి కొంత తగ్గును. కావున 2021లో మాకు కలిగిన యనుభవమును నేడు అక్షరాల అన్వయింపరాదు. బంకులో నేడు పోయుచున్న పెట్రోలు అంకె యేదో, ఎథనాలు పాలు ఎంతయో, మీ కారు దాని కంగీకరించునో లేదో విచారించుకొనవలెను.

ఇక లేఖ వ్రాసిన సోదరికి మా సమాధానము. అమ్మా, మీరే పోయి ఆ కారు పెట్రోలు మూత తెరచి చూడుడు. 91 చాలునని యున్నచో తండ్రిమాట నెగ్గినది. 95 తప్పనిసరియని యున్నచో కుమారుడు అడుగుచున్నది విలాసము కాదు, పథ్యము. అట్టి బండిని కొనునాడే దాని మేపు ఖర్చును లెక్కించుకొని యుండవలసినది. ఆ యధికమును అతడు తన జీతమునుండి భరించుట న్యాయము. 95 మేలు, 91 కనీసమని రెండంకెలును వ్రాసియున్నచో ఇద్దరికిని రాజీ కుదురును. కొత్తపేట, చైతన్యపురి సిగ్నళ్లకడ ఆగుచు పోవు దినములలో సాధారణపుది చాలును, ఘాటురోడ్డుకో దూరప్రయాణమునకో మేలురకము పోయించవచ్చును. ఆ రద్దీలో ఏ పెట్రోలును వేగమియ్యజాలదని కుమారునికి మెల్లగా చెప్పుడు. 100 అంకె కావలెనని కారు పుస్తకము కోరనిచో దానికై సొమ్ము పోయకుడు.

ఇది మగవారి వ్యవహారము, మనకేల యని వెనుదీయకుడు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను నిల్లాలు తన భర్త చేసిన కారులో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా పయనించెను. బంకులు లేని కాలమది. వీస్‌లోహ్ అను నూర మందులకొట్టునకు పోయి, యంత్రమునకు తగిన లిగ్రాయినను ద్రవమును అడిగి కొనెను. ఏది పోయవలెనో ఆ తల్లికి తెలిసియుండెను.

మా తోడికోడలికిని తెలిసియుండెను. ఆమె నోరు మూయించినది మా పెద్దరికము. ఇంటిలో ఖర్చును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, ఆ ఖర్చు పెట్టినవారిని "ఎందుకమ్మా?" యని యొక్కమాట యడుగుట మేమా కొండదారిలో నేర్చుకొంటిమి. మీ తండ్రీకొడుకులను మూతకడకు కలిసి పిలుచుకొని పొండు. అంకె చదువుటకైన ఇద్దరును నోరు తెరవక తప్పదు.