దరఖాస్తు పెట్టుకున్నవాడే మెరికా?

నవోదయ ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీల్లో పిల్లల ఫొటోలు వస్తాయి. మట్టిలో మాణిక్యాలు అంటారు. మాణిక్యాల సంగతి సరే, అసలు మట్టి ఎంతమేర తవ్వారన్నది నా ప్రశ్న.

శ్రీకాకుళం జిల్లాకి వెన్నెలవలసలో, విజయనగరం జిల్లాకి కిల్తంపాలెంలో జవహర్ నవోదయ విద్యాలయాలున్నాయి. ఆరో తరగతిలో ఒక్కోదానికి 80 సీట్లు. పల్లెల్లోని చురుకైన పిల్లల్ని ఏరి, డబ్బుతో నిమిత్తం లేకుండా మంచి చదువు చెప్పించాలన్నది 1986 జాతీయ విద్యావిధానం పెట్టుకున్న ఆశయం. అప్పుడు ఆ శాఖ చూసిన కేంద్రమంత్రి మన పి.వి. నరసింహారావే. ఆ ఆశయంతో నాకు పేచీ లేదు. 75 శాతం సీట్లు పల్లెలకి, మూడో వంతు ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి రిజర్వేషన్లు, అన్నీ ఉన్నాయి. అక్కడ చదివి పైకొచ్చిన పేదింటి పిల్లలూ ఉన్నారు. పేచీ అంతా జల్లెడ దగ్గరే. అందులో ఎవరు పడతారో ముందుగా తేల్చేది పరీక్ష కాదు, దరఖాస్తు.

ఆ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. హెడ్మాస్టరు సంతకం చేసిన పత్రం, ఫొటో, తల్లిదండ్రుల సంతకం స్కాన్ చేసి ఎక్కించాలి. తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద ఉంటాడు. తల్లి కూలికెళ్తుంది. గుంటడు అమ్మమ్మ దగ్గరుంటాడు. ఆవిడ "ఆ కాయితాలు మాకేటి తెల్సు బాబూ" అంటే తప్పు ఆవిడదా? ఇంకో మెలిక ఉంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఏడాది పొడుగునా బళ్ళో చదివుండాలి. అమ్మానాన్నలతో ఇటుకబట్టీలకి వలసపోయి ఒక ఏడాది బడికి దూరమైన పిల్ల, ఎంత చురుకైనదైనా, పరీక్ష గడప తొక్కకుండానే ఓడిపోయినట్టు.

ఇక పరీక్ష. 2 గంటల్లో 80 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి నిమిషంన్నర. 100 మార్కుల్లో 50 బొమ్మల ప్రశ్నలకే. బొమ్మలైతే బడి చదువుతో పనిలేకుండా సహజమైన తెలివి బయటపడుతుందని వాదన. నిజంగా అంతేనా? అయితే కోచింగ్ సెంటర్లన్నీ ఏం అమ్ముతున్నట్టు? ఏడాదిపాటు రోజూ అవే బొమ్మలు తిప్పితిప్పి చూసిన పిల్లాడూ, పరీక్ష హాల్లోనే మొదటిసారి చూసిన పిల్లాడూ పక్కపక్కన కూర్చుంటారు. రెండోసారి రాసే వీలు కూడా లేదు. ఇలా వచ్చిన మార్కుని తెలివి అనడం కన్నా, ఇంటివాళ్ళ ముందుచూపు అనడం న్యాయం.

భాష సంగతి మరీ అన్యాయం. మేఘాలయ పిల్లలు ఈ పరీక్షని ఖాసీలో, గారోలో రాయొచ్చు. సీతంపేట కొండల సవర పిల్లలకి సవరలో రాసే వీలు లేదు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి వందేళ్ళ కిందటే ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టారు. మనం ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి చేతులు దులుపుకుంటున్నాం.

"ఆసక్తి ఉన్నవాళ్ళే రాస్తారు, బలవంతం దేనికి?" అంటారు కొందరు. తొమ్మిది, పదేళ్ళ పిల్లకి ఆసక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరో ఒకరు చెప్తేనే కదా! అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్ కౌంటీలో ఒకప్పుడు టీచర్లో, తల్లిదండ్రులో సిఫారసు చేసిన పిల్లల్నే ప్రతిభావంతుల తరగతులకి పరీక్షించేవారు. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టారు. అర్హత మార్కు తగ్గించలేదు. అయినా పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు ఆ తరగతుల్లో బాగా పెరిగారు. తర్వాత డబ్బుల్లేవని దాన్ని ఆపేస్తే అంతరాలు మళ్ళీ మొదటికొచ్చాయి. తెలివి అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. ఎవరూ అడక్కపోతే కనపడలేదు, అంతే.

ఖర్చు అంటారా? మన ప్రభుత్వ బళ్ళలో ఐదో తరగతి పిల్లలందరికీ ఎలాగూ సమ్మేటివ్ పరీక్షలు పెడుతున్నారు. ప్రశ్నపత్రాలు అచ్చేసి, బళ్ళకి పంపి, దిద్దే ఏర్పాటు ఉండనే ఉంది. కేంద్రం, రాష్ట్రం కలిసి ఆ ఏర్పాటుతోనే ఐదో తరగతి పిల్లలందరికీ, ఎవరి బళ్ళో వాళ్ళకి, ఒక తొలి పరీక్ష పెట్టొచ్చు. బొమ్మల ప్రశ్నలు ఎలా ఉంటాయో వారం ముందు టీచరే అందరికీ చూపించొచ్చు. సవర పిల్లలకి ప్రశ్నలు సవరలో ఇవ్వొచ్చు. వలసపోయి వచ్చిన పిల్లల్ని హాజరు లెక్కతో కొట్టేయకుండా ఉండొచ్చు. దరఖాస్తు నింపే పని ఇంటిది కాదు, బడిది కావాలి.

అప్పుడు కూడా సీట్లు 80యే. చాలామందికి రావు. కానీ ఆ 80 మందినీ జిల్లా పిల్లలందరిలోంచీ ఏరామని అనగలం. ఇవాళ ఆ మాట అనలేం. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలోంచి ఏరి, దానికి జిల్లా ప్రతిభ అని పేరు పెట్టుకుంటున్నాం.