కుక్క బిస్కెట్ల తయారీకి మక్కలే బలం.. తేమే గండం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: పెంపుడు కుక్కల ఆహారం తయారుచేసే చిన్న పరిశ్రమ పెట్టదలచిన నిరుద్యోగ యువతకు ఈ మూడు జిల్లాల్లో ముడిసరుకు కొరత లేదు. జనగామ రైసుమిల్లుల్లో నూకలు, తవుడు దొరుకుతాయి. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్‌కు మక్కలు వస్తాయి. కోడిమాంసం దుకాణాలు లేని పట్టణం లేదు. అయినా ఈ వ్యాపారంలో మొదటి రూపాయి యంత్రం మీద కాక, మక్కలను ఆరబెట్టి పరీక్షించడం మీద ఖర్చు కావలసి ఉంది. ఇందుకు బలమైన కారణమే ఉంది.

గింజలో దాగిన విషం

వానాకాలం మక్కలు కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో వర్షాలు పడటం, రైతులు రోడ్ల మీద, కల్లాల్లో పోసిన కుప్పలు తడవడం ఏటా చూస్తున్నదే. తేమ 14 శాతం మించిన గింజను నిల్వ చేస్తే బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ కంటికి కనిపించదు. మామూలుగా ఉడికించినా, కాల్చినా పూర్తిగా నశించదు. కుక్క కాలేయాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. మనిషి పూటకో రకం తింటాడు గానీ పెంపుడు కుక్కకు నెలల తరబడి అదే సంచిలోని ఆహారం పెడతారు కాబట్టి విషం రోజూ కొంత చేరుతూనే ఉంటుంది.

ఇది ఊహాజనిత భయం కాదు. 2005 డిసెంబరులో అమెరికాలో డైమండ్ సంస్థ ఆహారంలోనూ, 2020 డిసెంబరులో స్పోర్ట్‌మిక్స్ ఆహారంలోనూ ఈ విషమే బయటపడింది. రెండు సందర్భాల్లోనూ పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి, సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. కుక్కల ఆహారంలో వంద కోట్ల పాళ్లకు 20 పాళ్లు మించరాదని అక్కడి పరిమితి. సొంత పరీక్షశాలలున్న పెద్ద సంస్థలకే తప్పని ముప్పు ఇది. ఇక తడిసిన మక్కలు చౌకగా వస్తున్నాయని ఆశపడి కొనే చిన్న తయారీదారు ఒక్క సంచితోనే పేరు పోగొట్టుకోగలడు. తేమ కొలిచే మీటరు, అఫ్లాటాక్సిన్‌ను గుర్తించే పట్టీలు మార్కెట్లో లభిస్తున్నాయి.

పెద్దలతో పోటీ వద్దు

పెడిగ్రీ తయారుచేసే మార్స్ సంస్థ కర్మాగారం జనగామకు పొరుగునున్న సిద్దిపేట జిల్లాలోనే ఉంది. దాని విస్తరణకు రూ.500 కోట్లు వెచ్చిస్తామని 2021లో ఆ సంస్థ ప్రకటించింది. ఆ స్థాయి యంత్రాలతో గుళికల ఆహారం తయారీలో తలపడటం సాహసమే అవుతుంది. మక్కపిండి, నూకల పిండి, ఉడికించిన కోడిమాంసం కలిపి కాల్చిన బిస్కెట్లు, ఎండబెట్టిన కోడి ముక్కలు చిన్న పొయ్యితోనూ సాధ్యమే. అయితే వీటిని చిరుతిండిగానే అమ్మాలి. పూర్తి ఆహారమని పొట్లం మీద రాస్తే మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్ల లెక్క తేలాలి. పిల్లుల ఆహారమైతే టారిన్ తప్పనిసరి. రుచి కోసం ఉల్లి, వెల్లుల్లి వేయడం మన వంటింటి అలవాటే గానీ కుక్కలకు, పిల్లులకు అవి హానికరం. కుక్కలు, పిల్లుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 11968 ప్రమాణాన్ని ముందే చదువుకోవడం మేలు. మామునూరు పశువైద్య కళాశాల, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ నిపుణుల సలహా తీసుకోవచ్చు.

పన్ను, రుణం

పశువుల, కోళ్ల దాణాకు జీఎస్టీ లేదు. పొట్లం కట్టి అమ్మే కుక్కల, పిల్లుల ఆహారం మాత్రం 18 శాతం శ్లాబులో పడింది. వార్షిక అమ్మకాలు రూ.20 లక్షలు దాటితే తెలంగాణలో నమోదు తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారులకు ఈ పరిమితి రూ.40 లక్షలు. అంటే ఇక్కడి తయారీదారు సగం వ్యాపారానికే పన్ను పరిధిలోకి వస్తాడు. ఆ సంగతి తెలియక ధర తక్కువగా నిర్ణయించినవారు తర్వాత పెంచలేక ఇబ్బంది పడతారు.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద తయారీ యూనిట్ల వ్యయ పరిమితిని 2022లో రూ.50 లక్షలకు పెంచారు. గ్రామీణ ప్రాంతాల్లో సాధారణ వర్గాలకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలు తదితరులకు 35 శాతం రాయితీని అందులో నిర్దేశించారు. కాగా మాంసం శుద్ధి పరిశ్రమలను ఈ పథకం నిషేధ జాబితాలో చేర్చారు. కోడిమాంసం కలిపే యూనిట్ దాని కిందికి వస్తుందో రాదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముందే తేల్చుకోకుండా షెడ్డుకు పునాది తీయడం తగదు.

కొనేవారెక్కడ?

పల్లెల్లో ఇంటి కుక్క మిగిలిన అన్నంతోనే బతుకుతోంది. దానికి బిస్కెట్ పొట్లం కొనేవారు అరుదు. నెల జీతాలున్న భూపాలపల్లి సింగరేణి కాలనీలు, చెల్పూరు విద్యుత్కేంద్రం క్వార్టర్లు, హనుమకొండ దుకాణాలు తొలి మార్కెట్ కాగలవు. జనగామవారికి హైదరాబాద్ రైలుమార్గం కలిసొచ్చే అంశం.

నిల్వ విషయంలోనే అసలు చిక్కుంది. ఎండల్లో బాగా ఆరే యాసంగి మక్కలను ఏప్రిల్, మే నెలల్లో పరీక్షించి కొని, ఏడాదికి సరిపడా దాచుకోవడం క్షేమం. అందుకు నేల తేమ తగలని గోదాము కావాలి, కొన్న సరుకులో నెలల తరబడి ఇరుక్కుపోయే డబ్బు కావాలి. రుణానికి దరఖాస్తు చేసేటప్పుడు చాలామంది యంత్రం ధర రాస్తున్నారే తప్ప ఈ నిర్వహణ మూలధనాన్ని లెక్కలో చూపడం లేదు.