పాత డిస్కు ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వను

"కంప్యూటర్ నిండిపోయిందా? ఫోటోలు డిలీట్ చెయ్" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బియ్యం డబ్బా నిండితే బియ్యం పారబోస్తామా, పెద్ద డబ్బా కొంటాం గానీ!

రుద్రూర్ నుంచి బోధన్ దాకా పోతే షాపాయనేమో "మొత్తం కొత్తదే తీసుకోండమ్మా" అన్నాడు. నిండింది హార్డ్ డిస్కు ఒక్కటే. మార్చడానికి రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూలు. విండోస్‌తో సహా అన్నీ కొత్తదాంట్లోకి క్లోన్ చేయొచ్చు. (1 టీబీ కొంటే తెరమీద 931 జీబీ అని కనిపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో వేస్తుంది.)

నా అసలు కోపం తర్వాతి మాట మీద. "పాత డిస్కు మాకిచ్చేయండి, కొంత తగ్గిస్తాం." ఎట్లా ఇస్తాను? అందులో పిల్లల ఆధార్, పొలం పాస్‌బుక్ స్కాన్లు ఉన్నాయి. క్విక్ ఫార్మాట్ కొడితే చెరిగేది ఏ ఫైల్ ఎక్కడుందనే జాబితా మాత్రమే, ఫైళ్లు మళ్లీ బయటికి తీయొచ్చు.

ఇంకోటి. శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో మామయ్య డ్యూటీలో ఉన్నప్పటి ఫోటోలున్నాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. మామయ్య కూడా లేరు. మళ్లీ ఎక్కడ తీయిస్తాం? డిస్కు ఎంత పెద్దదైనా, అన్నీ దాంట్లోనే పెడితే అది పోయిననాడు అన్నీ పోతాయి. పాతది ఉంటే ఖర్చు లేకుండా రెండో కాపీ ఉన్నట్టే.

"పాత సామాను పేరుస్తున్నావ్" అంటారు మా ఆయన. అననీ. దానిమీద తేదీ రాసి, పట్టుచీరల బీరువాలో పెట్టాను. ఆర్నెల్లకోసారి తగిలించి చూస్తాను.