కట్టెకి రేటు కాదు, చేవ చూడండి

పోయిన వర్షాకాలంలో నా టెర్రేరియం కూలిపోయింది. నిజంగానే కూలింది. గాజు తొట్టి మధ్యలో నిలబెట్టిన కొమ్మ మొదట్లో మెత్తబడి, ఎనిమిది నెలలుగా దానిమీద పెంచిన ఫెర్నుతో సహా అద్దం మీదకి ఒరిగింది. వేలితో నొక్కితే తడిసిన బ్రెడ్డులా దిగబడిపోయింది. దాని ఖరీదు పద్దెనిమిది వందలు! షాపతన్ని అడిగితే "అక్వేరియంలో పదేళ్లుంటుంది సార్" అన్నాడు. అబద్ధం కాదు పాపం. కానీ నేను కొన్నది అక్వేరియం కోసం కాదని ఆయనకీ తెలుసు.

నా గొడవంతా ఇక్కడే. చేపల తొట్టి కట్టెని మొక్కల తొట్టికి అంటగట్టడం, దానికో విదేశీ పేరు తగిలించడం, మనలాంటి నెల జీతగాళ్లు 'ఖరీదెక్కువ కాబట్టి మన్నుతుంది' అనుకుని కొనెయ్యడం.

మాది గోదావరిఖని. మా బాపు సింగరేణిలో టింబర్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఇప్పుడు చాలావరకు స్టీలు రూఫ్ బోల్టులొచ్చాయి గానీ, బాపు మొదలుపెట్టిన రోజుల్లో కట్టే మనిషిని కాపాడేది. ఫోన్లో నా ఏడుపంతా విని నవ్వాడు. "నీళ్లల్ల మునిగిన కట్టెకు ఏం గాదు బిడ్డా. తడీ గాలీ రెండూ తాకే కాడనే పుచ్చుతది. రిటర్న్‌ల పెట్టిన దుంగే ముందుగాల పోయేది" అన్నాడు.

రిటర్న్ అంటే గనంతా తిరిగి, వేడినీ తేమనీ మోసుకుని బయటికొచ్చే గాలిదారి. మా దగ్గర గనిని 'బాయి' అంటారు. నీళ్ల బావినీ బాయే అంటారు. పాత బావుల అడుగున నేరేడు చెక్క వేసేవాళ్లు, అది దశాబ్దాలు అలాగే ఉండేది. బొగ్గుబాయిలో దుంగ మాత్రం పుచ్చేది. కారణం సింపుల్: కట్టెని తినేది బూజు జాతి. దానికి తడితో పాటు ఆక్సిజన్ కూడా కావాలి. నీళ్లలో పూర్తిగా మునిగిన కట్టెలో ఆక్సిజన్ అందదు. అక్వేరియం నీళ్ల బావి లాంటిది. టెర్రేరియం బొగ్గుబాయి. ఒకదాని గ్యారంటీ రెండోదానికి పనికిరాదు.

మరి ఏం చూడాలి? చేవ. చెట్టు మధ్యలో ముదురు రంగులో ఉండే గట్టి భాగం. బూజుకి పడని పదార్థాలు ఉండేది అందులోనే. చుట్టూ ఉండే తెల్ల చెక్క ఏ చెట్టుదైనా త్వరగా పుచ్చుతుంది, టేకుదైనా సరే. మన దేశంలో కలప మన్నికని పరీక్షించడానికి కర్రముక్కల్ని మట్టిలో సగం పాతిపెట్టి చూస్తారు. 120 నెలలకి పైగా నిలిస్తే మొదటి తరగతి, 60 లోపే పోతే మూడోది. టేకు చేవ మొదటి తరగతి. మామిడి, బూరుగ మూడో తరగతి. ప్యాకింగ్ పెట్టెల చెక్క, వెదురు కూడా నమ్మొద్దు.

"ఉడకబెడితే సరిపోతుంది కదా" అంటారు కొందరు. ఉడకబెడితే పైనున్న బూజు, పురుగులు చస్తాయి. అంతే. మట్టితో, మొక్కలతో కొత్త బూజు వస్తూనే ఉంటుంది. ఉడకబెట్టినంత మాత్రాన చేవలేని కట్టెకి చేవ రాదు.

మోపాని లాంటి బరువైన విదేశీ కట్టెలు మన్నుతాయి, కాదనను. కానీ మన నల్లతుమ్మ తక్కువ తిన్నదా? బండి చక్రాలు, నాగళ్లు చేసిన కట్టె అది! వడ్రంగి దగ్గరో, కలప అడితిలోనో టేకు, తుమ్మ తుక్కు ముక్కలు అడగండి. కోసిన చివర చూడండి: ముదురు రంగు ఎక్కువుండాలి. చేతికి బరువు తగలాలి, గోరు దిగకూడదు, కొడితే ఖంగుమనాలి. సన్న కొమ్మల్లో చేవ ఉండదు కాబట్టి అందంగా ఉన్నాయని మోసపోకండి. రంగు, పాలిష్, చెదల మందు తగిలినవి, పాత రైలు స్లీపర్లు అసలే వద్దు. అడవిలోకెళ్లి నరికే ఆలోచన కూడా వద్దు, అది నేరం. ఇక తొట్టిలో పెట్టేటప్పుడు కట్టెని మట్టిలో పాతకుండా రాయి మీద నిలబెట్టండి. ముందు పోయేది మొదలే.

దసరాకి ఇంటికెళ్తే బాపు వడ్రంగి దగ్గర్నుంచి ఒక తుమ్మ మొద్దు తెచ్చిపెట్టాడు. ఖర్చు రెండు టీలు. ఏడాది కూడా కాలేదు కాబట్టి గొప్పలు చెప్పను గానీ, నిన్న గోరుతో గీరితే గీత కూడా పడలేదు.

నా తొట్టి కూలితే పోయింది ఒక ఫెర్ను. బాపు దుంగ ఎంచడంలో పొరపడితే కింద మనుషులుండేవాళ్లు. ముప్ఫై ఏళ్లు ఆ లెక్కన కట్టెని చూసిన మనిషి ఇంట్లో ఉండగా, నేను నెట్‌లో స్టార్ రేటింగులు చూసి కొన్నాను. తప్పు షాపువాడిది సగమే. మిగతా సగం నాది.